డొక్కు చుట్టూ కట్టిన జట్టు

హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూమ్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, చార్మినార్ చూశావా అని. చూశాను, గాజుల కోసం పోతూ ఆటోలోంచి, అదీ వానకి దించిన పరదా సందులోంచి. నేను వెళ్ళింది దానికోసం కాదు, పోకెమాన్ ఆడటానికి. ఆ మాట వినగానే సోషల్ టీచరు పార్వతి నోట్లో పెట్టుకున్న ఇడ్లీ ముక్క మింగడం మర్చిపోయింది. నలభై ఏడేళ్ళ లెక్కల టీచరు, బీపీ మాత్రలు వేసుకునే మనిషి, బొమ్మల ఆట ఆడటానికి కాకినాడ నుంచి అంత దూరం పోయిందా అని ఆవిడ బాధ. పోయాను తల్లీ. ఎందుకు పోయానో నోటితో చెబితే మీకు ఎక్కదు, అందుకే రాస్తున్నాను. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి, తర్వాత వీలుపడదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది చిన్న చేతి మెషిన్‌లో ఆడే ఆట. అందులో వందల రకాల జీవులుంటాయి. వాటిని పట్టి, పెంచి, జట్టు కట్టి ఎదుటివాళ్ళ జట్టు మీదికి పంపాలి. ప్రతి వంతులోనూ ఎవరి జీవికి వేగం ఎక్కువైతే దాని దెబ్బ ముందు పడుతుంది. అంతే. మిగతాదంతా మాలాంటివాళ్ళ పిచ్చి.

నా జోడీ దావీదు అన్న. సిటీ బస్సు డ్రైవరు, జల్‌పల్లిలో ఉంటారు. తెలుగు ఆటగాళ్ళ గుంపులో పరిచయమై, చాలాకాలంగా ఫోన్‌లో మాట్లాడుకుంటూ జంటగా ఆడుతున్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఆయన జీవి పేరు డొక్కు. ఆ పేరు ఆయన పెట్టుకున్నదే. ఒంటెలా ఉంటుంది, మూపురాల చోట రెండు నిప్పుకొండలుంటాయి. ఒంట్లో బలం నిండుగా ఉన్నప్పుడు ఆ కొండలు పేలిస్తే ఎదుట ఉన్న రెండు జీవులూ మాడిపోతాయి. కానీ ముందే ఒక దెబ్బ తిందా, ఆ పేలుడు తుస్సుమంటుంది. పైగా అది మహా నెమ్మది, దాని వంతు వచ్చేసరికి ఎప్పుడూ దెబ్బలు తినేసి ఉంటుంది. అందుకే పోటీల్లో దాన్ని ఎవరూ వాడరు. అదే పేలుడున్న తాబేలు ఇంకొకటుంది, అందరూ దాని వెంటే పడతారు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు దావీదు అన్న ఫోన్ చేశారు. మలక్‌పేటలో ఏదో ఫంక్షన్ హాల్లో జంటల పోటీ పెడుతున్నారట.

“నా చెయ్యి సంగతి మీకు ఎరికే గద మేడం. పూర్తిగ పోకముందు ఒక్క మ్యాచ్ అన్న గెలవాలె. ఫోన్ల గాదు, పది మంది ముంగట. డొక్కుతోని.”

ఆయన కుడిచేతికి నరాల జబ్బు. ఆ సంగతి నాకు తెలుసు. ఎంతవరకు వచ్చిందో మాత్రం తెలియదు. వస్తానన్నాను.

మలక్‌పేట

బస్సు దిగేసరికి తొలకరి వాన. రోడ్డు పక్కన ఒకాయన ఎడమచేత్తో గొడుగు పట్టుకుని, కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నారు. నా సంచీ ఎడమచేత్తో అందుకోబోయి, గొడుగు ఏం చెయ్యాలో తెలియక ఒక్క క్షణం ఆగారు. గొడుగు నేనే తీసుకున్నాను.

“దావీదు గారేనా అండీ?” అన్నాను.

“గారు గీరు వద్దు మేడం. ఈడ గారు అంటే ఇంకెవర్నో పిలుస్తున్నరనుకోని ఎన్కకు సూస్తం. అన్నా అనుండ్రి.”

మా వైపు పాలవాణ్ణి కూడా ‘ఏవండీ’ అని పిలిచే అలవాటు. మూడు రోజులు నేను అండీ అండీ అంటూ తిరిగితే ఆటోవాళ్ళు, చాయ్‌వాళ్ళు నన్ను చూసి మురిసిపోయారు. ఒకాయనైతే నా చేత ఇంకోసారి అనిపించుకుని మరీ చిల్లర ఇచ్చాడు.

ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మా కాకినాడలో టీ అంటే గ్లాసులో వేడివేడిగా ఇస్తారు, నిలబడి ఊదుకుంటూ తాగేసి పోతాం. ఇక్కడ కప్పూ సాసరూ పెట్టి, కూర్చోమని, గంటసేపు లేవకపోయినా ఏమీ అనరు. నేను సాసర్లో పోసుకోకుండా కప్పుతోనే గుక్క వేసి నాలుక కాల్చుకున్నాను. మూడు రోజులూ ఏ కూర తిన్నా సగం రుచే తెలిసింది.

దావీదు అన్న బిస్కెట్టు ఎడమచేత్తో ముంచుకుంటూ తన జబ్బు కథ చెప్పారు.

“ఒకరోజు గేరు పడకపోతుండె. బండిది అనుకోని డిపోల మెకానిక్ మీద మస్తు లొల్లి జేసిన. ఆయన తోలితే సక్కగ పడ్డది. బండిది గాదు మేడం, నా చేతిది. అప్పటిసంది స్టీరింగ్ ముట్టనియ్యలే. గేటు కాడ కూసోబెట్టిన్రు.”

“డాక్టరు ఏమన్నారు?”

“మెల్లమెల్లగ పోతదన్నడు. ఎప్పుడంటే చెప్పడు.” కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. బొటనవేలు పక్కన కండ లోపలికి పోయి ఉంది. “గీ వేలే మేడం. బటన్ ఒత్తేది గిదే. ఇంకా ఆడుతున్నది.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుక కాలిందని సర్దుకున్నాను.

జల్‌పల్లి

కొత్త కాలనీ. చిన్న చిన్న ప్లాట్లు, సగం కట్టిన ఇళ్ళు, ప్రతి మేడ మీదా రేపో మాపో ఇంకో అంతస్తు వేస్తామన్నట్టు ఇనుప చువ్వలు. నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే వీధిలో ఆడవాళ్ళందరూ మాట మధ్యలో ఆపేసి పరిగెడతారు. దావీదు అన్న భార్య కరుణమ్మ కూడా అలాగే నాకు ఎదురొచ్చి, “అక్కా, వచ్చిన్రా, కూసోండ్రి” అని రెండు బిందెలతో వీధిలోకి మాయమైంది. ఆమె జాకెట్లు కుడుతుంది. గది నిండా గుడ్డముక్కలు. కుర్చీ మీది రంగు ముక్కలు నేనే పక్కకు తీసి కూర్చున్నాను.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, బోటి కూర, పచ్చిపులుసు. పులుసు అంటే మాకు చేపముక్కో బెండకాయో వేసి పొయ్యి మీద మరిగించాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పిసికి చల్లగా పోసేశారు. మరిగించడం మర్చిపోయారేమో అనుకున్నాను. రెండు ముద్దలయ్యాక ఇంకో గరిటె అడిగాను.

తినేముందు కరుణమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. “ప్రేమగల తండ్రీ, ఈ భోజనం దీవించు. దూరం నుంచి వచ్చిన మా అక్కను దీవించు. నా పెనిమిటి చెయ్యిని ముట్టు ప్రభువా. అట్లనే ఆ ఒంటెకు గూడ కాళ్ళల్ల ఉరుకుడు దయచెయ్యి తండ్రీ. ఆమెన్.”

నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. మాకు కావలసింది దానికి సరిగ్గా ఉల్టా. దావీదు అన్న మాత్రం నవ్వలేదు. గట్టిగా ఆమెన్ అని రొట్టె తుంచుకున్నారు.

తర్వాత మేడ మీద రేకుల నీడన కూర్చుని జట్టు మళ్ళీ ఒకసారి చూసుకున్నాం. జంటల పోటీలో చెరి మూడు జీవులు, మైదానంలో చెరొకటి. నా సిద్ధాంతం ఒకటే. నచ్చిన జీవిని తెచ్చి మంచి జట్టులో ఇరికిస్తే అది ఓడిపోతుంది, మిగతావాటిని కూడా ఓడిస్తుంది. దాని బలహీనత ఏమిటో ముందు నిజాయితీగా ఒప్పుకుని, దాని చుట్టూ మిగతా ఐదింటినీ కట్టాలి. డొక్కు నెమ్మది. కాబట్టి నా దగ్గర ఒక కంచుగంట లాంటి జీవి. అది మైదానాన్ని తిరగేస్తుంది, కొన్ని వంతుల పాటు నెమ్మదిగా ఉన్నవాళ్ళే ముందు కదులుతారు. మేం దాన్ని తిరగేసిన గది అంటాం. డొక్కుకు నీళ్ళంటే ప్రాణాంతకం. కాబట్టి ఆయన దగ్గర, ఎవరు నీళ్ళు కొట్టినా తనవైపు లాక్కుని తాగేసే ఒక జలగ. ఎదుటివాళ్ళు డొక్కు మీదే గురిపెడతారు. కాబట్టి నా దగ్గర ఒక పుట్టగొడుగు, రా రా నన్ను కొట్టు అని ముందుకొచ్చి నిలబడే రకం. మిగిలిన రెండింట్లో, నిప్పు దెబ్బకి బలమిచ్చే ఎండ తెచ్చేందుకు ఒకటి, అక్కరకు ఒకటి.

ఈ జట్టుని గుంపులో పెడితే ఎంతమంది వెక్కిరించారో! అంత శ్రమ ఎందుకు, తాబేలుని పెట్టుకోండి అని సలహాలు.

“తాబేలు అందరి దగ్గరున్నది మేడం,” అన్నారు దావీదు అన్న. “నా చెయ్యి ఖరాబైనప్పుడు ఇంట్ల ఒక్కన్ని కూసున్న. ఆటల నాకు మొదలు దొరికింది గిదే. నా లెక్కనే మెల్లగ నడిసింది. ఇప్పుడు దీన్ని ఇడిసిపెట్టి తాబేలు ఎన్క పోతే ఏం బాగుంటది?”

“సరే. వేగం మాత్రం బాగా తక్కువగా ఉంచి పెంచారు కదా? గదిలో అదే మన ప్రాణం.”

ఆయన మెట్లవైపు చూశారు. కింద కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది.

“అంత సెట్టే. ఫికర్ చెయ్యకుండ్రి,” అన్నారు.

లాడ్ బజార్

మర్నాడు చెయ్యికి విశ్రాంతి కావాలని దావీదు అన్న ఇంట్లోనే ఉండిపోయారు. కరుణమ్మ నన్ను గాజులకు తీసుకెళ్ళింది. మా ఊళ్ళో గాజులంటే మట్టిగాజులు, డజను కాగితంలో చుట్టి ఇస్తారు. ఇక్కడ లక్క గాజులు. మన చెయ్యి చూసి, గాజుని బొగ్గుల మీద వెచ్చజేసి, మెత్తబడ్డాక సాగదీసి తొడుగుతారు. నా మణికట్టు చూసి గాజుల భాయ్ ఒక నిట్టూర్పు విడిచాడు.

“హాత్ ఢీలా ఛోడో ఆపా.”

నాకు బడి పుస్తకాల హిందీ వచ్చు. “ఢీలా హీ హై”, వదులుగానే ఉంది అంటూ బిగుసుకుని కూర్చున్నాను. గాజు టప్పున విరిగింది. భాయ్, కరుణమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

“చెయ్యి ఇడువు అక్కా. బోర్డు మీద రాస్తున్నట్టు పట్టుకున్నవ్,” అంది కరుణమ్మ.

బేరం ఆమే ఆడింది. సగం తెలుగు, సగం ఉర్దూ. భాయ్ చెప్పిన ధర వినగానే చెప్పులు వేసుకుంది, ఆయన పిలిచాడు, విప్పింది, మళ్ళీ వేసుకుంది. మా ఊళ్ళో ఇలా చేస్తే కొట్టువాడు రెండోసారి పిలవడు. ఇక్కడ పిలవకపోతే ఇద్దరికీ చిన్నతనం అనుకుంటా. చివరికి విరిగిన గాజు ఖరీదు కూడా పట్టుకోకుండా ఇచ్చాడు.

వెనక్కి వచ్చేటప్పుడు వాన పెరిగి ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాం. అంతవరకు గలగలా మాట్లాడిన కరుణమ్మ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, రేపు గెలుస్తరా?”

“ఆడి చూడాలమ్మా.”

“చెయ్యి పోతదని డాక్టర్ చెప్పిననాడు గూడ ఈయన అన్నం తిన్నడు. ఆటల ఓడిననాడు తినడు. రేపు అందరి ముంగట ఓడితే మల్ల గా మెషిన్ ముట్టడు. గిది గూడ బంద్ జేస్తే పొద్దంత గోడకు సూసుకుంట కూసుంటడు. నాకు గదే బుగులు.”

నేను ఆమె తల నిమిరాను. తడిసిన జుట్టు.

మలక్‌పేట, ఫంక్షన్ హాలు

పెళ్ళిళ్ళు జరిగే హాలు. వేదిక మీద ముందురోజు పెళ్ళివారి పూల ఆర్చి ఇంకా తియ్యలేదు. దానికింద బల్లలు, కుర్చీలు, ఫ్యాన్లు. పిల్లలే ఎక్కువ. మా జంటని చూసి, తోడుగా వచ్చిన పెద్దవాళ్ళనుకుని ఒకబ్బాయి వెనక కుర్చీలు చూపించాడు. నేను నా మెషిన్ తీసి బల్ల మీద పెట్టేసరికి ‘సారీ ఆంటీ’ అన్నాడు.

నియమాలు చదివారు. జంట తమలో తాము మాట్లాడుకోవచ్చు. పక్కవాళ్ళే కాదు, జోడీ కూడా ఒకరి మెషిన్ ఒకరు ముట్టుకుంటే ఓడినట్టే. జట్టు పేర్లిచ్చాక అందులో వెంట్రుకంత మార్పు కూడా కుదరదు. రెండు ఆటలు ఓడితే ఇంటికే. కరుణమ్మ మా కుర్చీల వెనక నిలబడింది, పెళ్ళికి వేసుకునే చీరలో.

మొదటి ఆట ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళతో. వాళ్ళ దగ్గర ఒక పెద్ద ఎలుగుబంటి. ఆ హాల్లో ఎటు చూసినా ఎలుగే. అదీ నెమ్మదే, కానీ డొక్కు అంత కాదు. మాకు పండగే అనుకున్నాను. తిరగేసిన గదిలో డొక్కు ముందు కదులుతుంది, ఎలుగు వెనక. మొదటి వంతులో డొక్కు ఏ దెబ్బా తగలకుండా కాచుకుని కూర్చుంది. నా గంట గదిని తిప్పింది. రెండో వంతులో దావీదు అన్న పేలుడు ఎంచి, వేలు నొక్కి, నావైపు చూసి తల ఊపారు.

ఎలుగు ముందు కదిలింది.

ఒకే దెబ్బ. డొక్కు ఒక్క నిప్పురవ్వ కూడా రాల్చకుండా పడిపోయింది. దాని కోసం కట్టిన జట్టు కదా, అది పోయాక మిగతావి కాసేపు తచ్చాడి ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఆట ముగిసింది.

నాకు ఒళ్ళు మండింది. ఇలా జరగడానికి కారణం ఒక్కటే ఉంటుంది. ఈ ఆటలో పెంచేటప్పుడు ఎలాంటి జీవితో పోరాడిస్తే ఆ గుణం కొంత ఒంటబడుతుంది. పిట్టలతో పోరాడిస్తే పరుగు వస్తుంది. డొక్కుని ఎవరో పిట్టల మీదికి తోలి తోలి వేగం పెంచారు. తిరగేసిన గదిలో పెంచిన వేగమంతా మనకే ఉరి.

“ఎవరండీ దీనికి పరుగు నేర్పిన మహానుభావుడు! బుద్ధున్నవాడెవడైనా...” అని గట్టిగానే అన్నాను.

దావీదు అన్న ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. కొత్త గాజులు ఒత్తుకున్నాయి. “చాయ్ తాగొద్దాం మేడం,” అన్నారు. తర్వాత వెనక్కి తిరిగి, “నువ్వు ఈడనే ఉండు కరుణా, సంచులు సూసుకో,” అన్నారు.

బయట వాన తగ్గింది. చాయ్ బండి దగ్గర ఆయన కప్పు ముట్టుకోలేదు.

“ఆమెనే మేడం. నాకు వేలు గుంజుతున్నదని పెంపకం సగంల ఆపిన. నేను పండుకున్నంక ఆమె కుట్టుడు బంద్ జేసి, కూసోని, ఒక్కొక్క పిట్టను ఎతికి ఎతికి కొట్టింది. ఆమెకు ఆట రాదు. మెల్లగుంటే దెబ్బలు తింటున్నది పాపం, జర ఉరుకుడు నేర్పుదమని.”

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“అప్పుడే తెలిసింది. అంకెలు సూస్తే తెల్వదా?”

“పుల్లటి పళ్ళు నాలుగు తినిపిస్తే ఆ వేగమంతా దిగిపోతుంది కదండీ! ఎందుకు దింపలేదు?”

“పండ్లు తీసిన మేడం. తినిపియ్యబుద్ధి కాలే. ఆమె నా కోసం ఆ మెషిన్ పట్టుకున్నది గదొక్కసారే. గా ఉరుకుడు తుడిసేస్తే నేనేం మనిషిని?”

కోపం ఎటు పోయిందో తెలియదు. ఆడలేని మనిషి ఎంతో ఇష్టంగా చేసిన తప్పు అది. ఆడగలిగిన మనిషి, ఒక్క గెలుపు కోసం తపించే మనిషి, దాన్ని తెలిసీ ఉంచుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది.

“ఇప్పుడేం చేద్దాం?” అన్నాను.

“ఆమె ఇచ్చిన ఉరుకుడే వాడుకుందం. గది తిప్పకుండ్రి మేడం.”

నేను మనసులో లెక్క వేశాను. గది తిప్పకపోతే వేగం ఉన్నవాడిదే ముందు. ఎలుగు కంటే డొక్కు ఇప్పుడు ఎక్కువ. హాల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒంటె అంటే నెమ్మదే అని అందరూ నమ్ముతారు. ఒకే ఒక్కసారి పనికొచ్చే మోసం అది.

రెండో ఆటలో ఎదురుగా చంద్రాయణగుట్ట నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్ళు. అక్క బుర్ఖాలో ఉంది, మెషిన్‌కి గులాబీ రంగు తొడుగు. డొక్కుని చూడగానే మొహం వెలిగింది.

“ఊంట్! అంకుల్, గిది ఎవ్వరు తీసుకరారు. మస్తు క్యూట్ ఉంటది.”

“అవును బేటా,” అన్నారు దావీదు అన్న.

క్యూట్ అంటూనే ఆ పిల్ల నా గంటని కొట్టి పడేసింది. ఆట బిగుసుకుంది. నేను డొక్కుని వెనక దాచిపెట్టించి, జలగనీ పుట్టగొడుగునీ ముందుకు తోసి, వాళ్ళని కొద్దికొద్దిగా కరగదీశాను. చివరికి వాళ్ళవైపు సగం బలంతో ఎలుగు, దాని పక్కన దెబ్బలు తిన్న మరొకటి. మావైపు ఊపిరి కొసమీదున్న నా పుట్టగొడుగు, ఒక్క దెబ్బా తినని డొక్కు. ఆ పిల్ల తమ్ముడితో నిశ్చింతగా ఏదో అంది. ఒంటె వంతు వచ్చేలోపు ఎలుగు కొట్టేస్తుందని వాళ్ళ లెక్క.

“ఇప్పుడే అన్నా. పేల్చండి,” అన్నాను మెల్లగా.

దావీదు అన్న బొటనవేలు గుండీ మీదే ఉంది. కదల్లేదు.

ఏదో ఆలోచిస్తున్నారనుకున్నాను. ఆయన నుదుటి మీద చెమట. మెడలో నరం తేలింది. వేలు మాత్రం వేరే ఎవరిదో అన్నట్టు అలాగే ఉంది. మెషిన్ బరువంతా ఎడమచేతి మీదే, దాన్ని వదిలే వీల్లేదు. తెర మూలన సమయం తరుగుతోంది. నా చెయ్యి దానంతటదే ఆయన మెషిన్ వైపు వెళ్ళబోయింది, ముట్టుకుంటే ఓడినట్టే అని గుర్తొచ్చి ఒళ్ళో కుక్కుకున్నాను. ప్రభువా అనుకున్నాను, మా ఇంట్లో ఎవరూ పిలవని దేవుణ్ణి. సమయం అయిపోయింది.

మా ఆటలో వంతు లోపల ఏదీ నొక్కకపోతే, వరుసలో అన్నిటికంటే పైనున్న దెబ్బని ఆటే ఎంచేస్తుంది. డొక్కు వరుసలో పైన ఎప్పుడూ కాచుకునే ఎత్తు ఉండేది. ఈ పోటీకి పైన పేలుడు ఉంది. పేర్లివ్వకముందు ఆయన దాన్ని ఎప్పుడు పైకి మార్చుకున్నారో నాకు తెలియదు.

డొక్కు ముందు కదిలింది. రెండు కొండలూ పేలాయి. ఎలుగు పడిపోయింది, దాని పక్కది కూడా.

హాల్లో ఎవరో ఈలవేశారు. ఆ పిల్ల నోరు తెరిచి తెరవైపే చూసింది. “అరె, ఊంట్ పహలే కైసే చలా? ముందెట్ల కదిలింది అంకుల్?”

దావీదు అన్న వెనక నిలబడ్డ భార్యవైపు తల తిప్పారు.

“మా ఇంటామె ఉరుకుడు నేర్పింది బేటా,” అన్నారు.

కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “నేను చెప్పలే? మెల్లగుంటే ఎట్లయితది, జర ఉరుకాలె అని నేను చెప్పలే?” అని నన్ను పట్టుకుని ఊపేసింది. చెప్పావమ్మా, నువ్వే చెప్పావు అన్నాను. ఆ అక్కాతమ్ముళ్ళు వచ్చి ఆమెకు సలాం చేసి, ఒంటెతో ఫోటో దిగుతామని అడిగారు. మెషిన్ ఆమె చేత్తో పట్టుకుంది, దావీదు అన్న పక్కన నిలబడ్డారు.

మూడో ఆటకి పిలిచినప్పుడు ఆయన చాలు అన్నారు. కడుపు నిండిందని అందరికీ చెప్పారు. కరుణమ్మ సంచులు సర్దుతుంటే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

“వేలు ఆడలే మేడం.”

“చూశానన్నా.”

“కరుణకు చెప్పకుండ్రి. గెలిచిన సంబురంల ఉన్నది.”

మళ్ళీ రోడ్డు మీద

మర్నాడు పొద్దున నన్ను బస్సెక్కించడానికి కరుణమ్మ ఒక్కతే వచ్చింది. దావీదు అన్న ఇంకా నిద్రలేవలేదు, చాన్నాళ్ళకి అంత బాగా పడుకున్నారని ఆమే లేపలేదు. నాకు మాటలు చెబుతూనే బస్సెక్కేసి పక్క సీట్లో కూర్చుంది.

“హయత్‌నగర్ దాక వస్త అక్కా. ఒక పనున్నది.”

దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా ఆ పనేమిటో చెప్పలేదు. తర్వాత కిటికీవైపు చూస్తూ అంది.

“ఆయన వేలు ఆడలే. నేను ఎన్కనే నిలబడ్డ గద, సూసిన. నేను సూడలేదనుకుంటుండు. అట్లనే అనుకోనియ్యి.” నావైపు తిరిగింది. “మొదటి ఆట ఎందుకు ఓడినం అక్కా?”

“ఎలుగుబంటి గట్టిదమ్మా,” అన్నాను. పాతికేళ్ళుగా పిల్లల అబద్ధాలు పట్టుకునే వృత్తి నాది, ఆ పూట నా అబద్ధం బాగానే నిలబడింది. లేదా నిలబడనిచ్చింది.

“సరే. నీ మెషిన్ తియ్యి. ఏ గుండీ దేనికో చెప్పు. కిందిసారి ఒక్క గుండీనే ఒత్తుకుంట కూసున్న, ఇంకేం తెల్వదు. ఇంట్ల ఆయన నోటితోని చెప్తడు, నేను ఒత్తుత.”

“పోటీల్లో అలా ఒప్పుకోరమ్మా.”

“పోటీ అయిపాయె గద. ఇంట్ల ఎవ్వరొస్తరు అడగనీకి?”

తీశాను. ఎల్.బి. నగర్ ట్రాఫిక్‌లో బస్సు ఆగుతూ కదులుతూ ఉంటే, ఒక్కొక్క గుండీ చూపించాను. కుట్టుమిషన్ మీద పనిచేసే వేళ్ళు, ఒక్కసారి చెబితే చాలు. గట్టిగా నొక్కేది. అంత బలం అక్కర్లేదు, తాకితే చాలు అన్నాను. తాకింది. నా గంట గదిని తిప్పింది. “ఇప్పుడు మెల్లగున్నోళ్ళు ముందలనా?” అని అడిగింది. అవునన్నాను. తెరవైపు ఇంకోసారి చూసి, గుండీ మీంచి వేలు తీసేసింది.

హయత్‌నగర్ వచ్చింది. మెషిన్ నా ఒళ్ళో పెట్టి, కొంగు సర్దుకుని లేచింది. కండక్టరు దిగమ్మా దిగు అని అరుస్తున్నాడు. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

“పోతే పోనియ్యి అక్కా ఆయన చెయ్యి. నాయి రెండున్నయి గద.”

దిగి, రోడ్డు దాటి, జల్‌పల్లి వైపు పోవడానికి ఆటో కోసం నిలబడింది. నేను చౌటుప్పల్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.